ఏదైనా పర్లేదన్న బ్రౌజరు

పెద్దాఫీసు, నాలుగో అంతస్తు
ప్రింటరు పక్క బల్ల
జూన్ 3

వదినకి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడితే మిగతాది చదవకుండా మడిచేస్తావని తెలుసు. అందుకే సూటిగా విషయానికొస్తున్నాను. కేటలాగు పేజీ అయిపోయింది! ఆర్నెల్లు నా తలప్రాణం తోకకి తెచ్చిన పని ఇవాళ పూర్తయింది. ఇక మన పదమూడు లైబ్రరీల్లో ఏ పుస్తకం అరలో ఉందో, ఏది ఎవరింటికి వెళ్ళిందో ఎవరైనా కంప్యూటర్లో చూసుకోవచ్చు. పేజీ పైన ప్రతి శాఖకీ ఒక గమనిక పెట్టె వదిలాను. నీ పెట్టెలో నీ ఇష్టమొచ్చింది రాసుకో, అది మీ శాఖలో తెరిచే పేజీలోనే కనిపిస్తుంది.

లోపల ఏం చేశానో చెప్తాను, ఆవులించకు. తెర మీద కనిపించే అక్షరాల వెనక చిన్న చిన్న గుర్తులుంటాయి. ఇక్కడ పేరా మొదలైంది, ఇక్కడ అయిపోయింది. ఇక్కడ లావు అక్షరం మొదలైంది, ఇక్కడ అయిపోయింది. ఆ గుర్తుల్ని చదివి మనకి పేజీగా చూపించేదే బ్రౌజరు. ఇప్పుడు అసలు తమాషా. పేజీ ఒకటే అయినా దాన్ని పంపే కవరు మీద రెండు రకాలుగా రాయొచ్చు. 'కట్టుదిట్టం' అని రాసి పంపితే కొత్త బ్రౌజర్లు తెరిచిన ప్రతి గుర్తునీ మూశామా లేదా అని తనిఖీ చేస్తాయి. ఒక్కటి మూయకపోయినా పేజీ చూపించవు, తప్పు ఎక్కడుందో చెప్పి భీష్మించుకుని కూర్చుంటాయి. 'సాదా' అని రాసి పంపితే ఏ బ్రౌజరైనా తప్పుల్ని చూసీ చూడనట్టు వదిలేసి ఏదో ఒకటి చూపిస్తుంది.

మా నెట్‌వర్కు ఆయన, "అందరికీ సాదాగా పంపేయమ్మా, గొడవుండదు" అన్నాడు. నేను ఒప్పుకుంటానా? తప్పులు దొరకాలి, పేజీ శుభ్రంగా ఉండాలి. అందుకని ఒక ఏర్పాటు చేశాను. ప్రతి బ్రౌజరూ మా తలుపు తట్టేటప్పుడు తనకి ఏమేం పనికొస్తాయో చెప్తుంది. అది విని, దానికి సరిపోయే కవరులో పెట్టి ఇస్తాను. అడిగి వడ్డించడం మర్యాద కదా.

ఇంకో సంగతి. నీకూ సర్క్యులరు వచ్చే ఉంటుంది. ఆగస్టు ఆఖరికల్లా ఏ శాఖలోనైతే ఈ పేజీని వెయ్యిసార్లు కూడా చూడరో, అక్కడ రీడింగ్ రూము మూసేసి పుస్తకాలిచ్చే కిటికీ ఒక్కటే ఉంచుతారట. లైబ్రేరియన్ని పెద్దాఫీసుకి పిలిపిస్తారట. లెక్క తీసేది నేనే. పేజీ అడుగున చిన్న బొమ్మ పెట్టాను. పేజీ తెర మీద కనిపించినప్పుడల్లా అది ఒక అంకె పెంచుతుంది.

మీ వాళ్ళకి వెయ్యి ఒక లెక్కా! ఒకవేళ రాలేదే అనుకో, నా పక్క బల్ల ఖాళీగా ఉంది. అన్నయ్యకి ఇక్కడి బస్సు డిపోకి బదిలీ ఎప్పుడడిగినా ఇస్తారు. నిజం చెప్పు, నీకు ఏది ఇష్టం? రూము ఉండటమా, నా పక్కన కూర్చోవడమా?

ఈ ఉత్తరం గురువారం పుస్తకాల బండిలో, తోటపని పుస్తకం నలభయ్యో పేజీలో వస్తుంది. ఫోన్ చేస్తే మధ్యలో అన్నయ్య దూరి ఇంజన్ల గురించి మొదలెడతాడు, ఈమెయిల్ పెడితే నువ్వు 'సరే' అని ఊరుకుంటావు. కాబట్టి కాగితమే నయం.

నీ ఆడపడుచు


రీడింగ్ రూము
కిటికీ వైపు బల్ల
జూన్ 10

గడుగ్గాయికి,

నీ ఉత్తరం తోటపనిలో లేదు, దంతవైద్యంలో దొరికింది. బండి డ్రైవరు రెండు పుస్తకాలూ కింద పడేసి, చేతికందిన దాంట్లో దూర్చాడట. "ఎందులో ఉన్నా మీకే కదండీ" అన్నాడు. అతనితో వాదించే ఓపిక నాకు లేదు.

పేజీ పూర్తి చేసినందుకు సంతోషం. మీ అన్నయ్య డిపోలో అందరికీ చెప్పుకుంటున్నారు, ఇంటర్నెట్ మొత్తం నువ్వే తయారుచేసినట్టు.

మా మూడు కంప్యూటర్లూ నీకు తెలుసుగా. పోయినేడాది కొత్తవి కావాలా, ఉన్నవి చాలా అని అడిగితే ఏదైనా పర్లేదన్నాను. కొత్తవి వేరే శాఖకి వెళ్ళాయి. నష్టమేమీ లేదు. పాతవి ఆన్ చేసి, కిటికీలు తెరిచి, పేపర్లు సర్ది, టీ తాగి వచ్చేసరికి సిద్ధంగా ఉంటాయి.

మా వాళ్ళు అప్పుడే పేజీ మీద పడ్డారు. ముందుండేది రిటైరైన టైలరు గారు. సరిగ్గా పదింటికి వచ్చి ఎండ పడే కుర్చీలో కూర్చుంటారు. ఇన్నాళ్ళూ పేపర్లో బట్టల షాపుల ప్రకటనలు చూసి కాలర్లకి వంకలు పెట్టేవారు, ఇప్పుడు తెరకి పెడుతున్నారు. పశువుల డాక్టరు గారు మాత్రం సొంత కంప్యూటరు సంచిలో తెచ్చుకుంటారు. కొత్తది. మా మూడింటి వంకా ఆయన చూసే చూపు చూస్తే, ఎప్పుడో వాటికి సూది వేస్తారేమో అనిపిస్తుంది.

గమనికలో గొడుగుల సంగతి రాద్దామనుకుంటున్నాను. తడిసిన గొడుగులు తెచ్చి నవలల మీద ఆరబెడుతున్నారు. లావు అక్షరాలు పెట్టడానికి నువ్వు రాసిచ్చిన చీటీ బీరువా తలుపుకి అంటించాను.

నువ్వడిగినదానికి జవాబు: రూము ఉన్నా సరే, అక్కడికి రమ్మన్నా సరే. నాకు ఏదైనా పర్లేదు.

వదిన


పెద్దాఫీసు, నాలుగో అంతస్తు
జూలై 8

వదినకి,

కూర్చునే చదువుతున్నావా? జూన్ లెక్కలొచ్చాయి. మిగతా పన్నెండు శాఖలూ వందల్లో ఉన్నాయి. నీ శాఖ ఎంతో తెలుసా? పదకొండు. పదకొండు వందలు కాదు తల్లీ, ఒకటి పక్కన ఒకటి.

కాగితం పెద్ద మేడమ్ చేతికిచ్చేటప్పుడు నీ వరస మీద బొటనవేలు పెట్టి పట్టుకున్నాను. ఆవిడ నా వేలు జరిపి మరీ చూశారు. "ఇది మీ వదిన గారి శాఖే కదా?" అన్నారు.

ఏం చేస్తున్నారు వదినా మీ వాళ్ళు? టైలరు గారు తెర మీద పడ్డారన్నావు, పడి నిద్రపోయారా? ఆ పదకొండులో నీవెన్ని, ఆయనవెన్ని? పోనీ రోజూ పొద్దున్న నువ్వొక్కదానివే ఒకసారి తెరిచినా పాతికైనా అయ్యేది కదా!

సరే, వేళాకోళం చాలు. నాకు దిగులేమీ లేదు. నా పక్క బల్ల టేపు పెట్టి కొలిచాను. నీ కళ్ళజోడు పెట్టె, కలాల డబ్బా, నీ తీగమొక్క కుండీ అన్నీ పడతాయి. మధ్యాహ్నం ఇద్దరం మెట్ల మీద కూర్చుని తిందాం. ఆఫీసులో ఒక్కరి గురించి కూడా నాతో మనసువిప్పి చెడ్డగా మాట్లాడేవాళ్ళు లేరు, మొహం వాచిపోయి ఉన్నాను. నువ్వొస్తే ఆ లోటు తీరుతుంది.

నీ ఆడపడుచు


రీడింగ్ రూము
జూలై 15

గడుగ్గాయికి,

పదకొండు అంటే నాకూ ఆశ్చర్యంగానే ఉంది. మా వాళ్ళు రోజూ చూస్తూనే ఉన్నారు. కుర్చీలు చాలక స్టూళ్ళు కూడా వేశాను. కొత్తదంటే అలవాటు పడటానికి కొంత సమయం పడుతుంది కదా, నెమ్మదిగా చదువుతున్నారు.

పేజీ బాగుంది. కొంచెం బరువుగా ఉంది, అంతే. నువ్వు కట్టుదిట్టం అని ముందే చెప్పావు కాబట్టి ఎవర్నీ సణగనివ్వలేదు.

డాక్టరు గారి కంప్యూటర్లో మాత్రం ఈమధ్య పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలొస్తున్నాయట. పేజీకి ఒంట్లో బాగాలేదన్నారాయన. నీ అలంకారం అయ్యుంటుందని సర్దిచెప్పాను.

ఆ బల్ల ఎత్తెంత? మోకాళ్ళు తగలకుండా ఉంటే చాలు. తగిలినా పర్లేదులే.

వదిన


పెద్దాఫీసు, నాలుగో అంతస్తు
ఆగస్టు 5

వదినకి,

జూలై లెక్క: సున్నా. మొత్తం ఇప్పటికీ పదకొండే.

ఈసారి వేళాకోళం రావడం లేదు. నిన్న మీటింగులో ఎవరో, "ఆ ఊళ్ళో అసలు చదివేవాళ్ళున్నారా?" అని నవ్వారు. నాకు ఒళ్ళు మండి, "మా వదిన రూములో కుర్చీ దొరకడమే కష్టం" అన్నాను. "అయితే అంకె ఏదీ?" అన్నారు. పేజీ ఎలా ఉందో ఇంకోసారి చూశాను. ఇక్కడ అద్దంలా కనిపిస్తోంది. మిగతా శాఖల్లోనూ అంతే. మరి మీవాళ్ళకేమైంది? నువ్వు వాళ్ళకి సరిగ్గా నేర్పలేదా? కోపం కాదు, అడుగుతున్నాను. కొంచెం కోపమే.

ఇంకా ఇరవై ఆరు రోజులుంది కానీ పెద్ద మేడమ్ అప్పుడే రాసేసుకున్నారు. రూము మూత, నీకు ఇక్కడ కుర్చీ. ఆవిడ అడిగితే నా పక్క బల్లే ఇమ్మన్నాను. ముందు అన్నయ్యకి ఫోన్ చేసి కనుక్కున్నాను. "మీ వదిననడిగానే, ఏదైనా పర్లేదంది" అన్నాడు. నీ ఉత్తరంలోనూ అదే రాశావు. అందుకే ధైర్యంగా చెప్పాను.

ఒక్క మాట నీతో దాచలేను. రూము పోతోందని బాధపడాల్సింది పోయి, నువ్వొస్తున్నావని నాకు లోలోపల సంతోషంగా ఉంది. తిట్టాలనుంటే తిట్టు.

నీ ఆడపడుచు


రీడింగ్ రూము
ఆగస్టు 12

గడుగ్గాయికి,

సరే.

తీగమొక్క ఈ కిటికీకి అలవాటు పడింది, కదిలిస్తే బతుకుతుందో లేదో. డాక్టరు గారికిచ్చేస్తాను.

దీనితో ఒక కట్ట పంపుతున్నాను. టైలరు గారిది. నేను వద్దన్నాను, ఆయన వినలేదు. నువ్వు నొచ్చుకోకు.

వదిన

(కట్ట మీద గుచ్చిన చీటీ:)

కేటలాగు కుట్టిన అమ్మాయికి,

నేను యాభై రెండేళ్ళు కోట్లు కుట్టినవాణ్ణి. మీ పేజీ చదవడం మొదట కష్టమైంది. నొక్కగానే కంప్యూటరు 'దీన్ని దాచమంటారా?' అని అడుగుతుంది. దాచుకుంటాం. తర్వాత మా లైబ్రేరియన్ గారు నేర్పినట్టు నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ప్రింటు తీసి చదువుతాం. ముప్పై ఒక్క పేజీలు. అన్నీ బాణం గుర్తులే. వాటి మధ్యలో పుస్తకాల పేర్లుంటాయి. ఇప్పుడు అలవాటైంది. పేరు దొరికితే ఎర్ర పెన్సిలుతో చుట్టి పక్కవాళ్ళకిస్తాం.

ఒక లోపం చెప్పాలి. అంతటా తెరిచిందల్లా మూశారు, కుట్టు శుభ్రంగా ఉంది. మొదటి పేజీలో గొడుగుల దగ్గర మాత్రం లావు అక్షరం తెరిచి మూయకుండా వదిలేశారు. నా దగ్గర పనిచేసేవాడెవడైనా అలా చేస్తే ఆ కోటు విప్పించి మళ్ళీ కుట్టించేవాణ్ణి.


పెద్దాఫీసు, సర్వరు గది
నేల మీద కూర్చుని
ఆగస్టు 13

వదినా,

గురువారం దాకా ఆగలేను. ఈ ఉత్తరం డిపో బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను.

మీరు చదువుతున్నది పేజీ కాదు! పేజీ లోపలి గుర్తులు! ఎవరికీ ఎప్పుడూ కనిపించకూడనివి! ముప్పై ఒక్క పేజీల బాణం గుర్తులు ఎర్ర పెన్సిలు పట్టుకుని రెండు నెలలుగా చదువుతున్నారా? ఒక్కసారి, ఒకే ఒక్కసారి, 'ఇదేంటే గడుగ్గాయీ, నీ పేజీ తెరుచుకోవడం లేదు' అని రాయకూడదా? "కొంచెం బరువుగా ఉంది, అంతే" అట! నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. నెట్‌వర్కు ఆయన మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

జరిగిందేమిటో ఇప్పుడు తెలిసింది. ప్రతి బ్రౌజరూ తనకి ఏం కావాలో చెప్తుందన్నాను కదా. కొత్తవి పేరు పెట్టి చెప్తాయి, 'నాకు కట్టుదిట్టం వచ్చు' అని. నీ మూడు పాతవి ఏమంటున్నాయో సర్వరు డైరీ తీసి చూశాను. 'ఏదైనా పర్లేదు' అంటున్నాయి. నేను నమ్మాను. ఏదైనా అంటే కట్టుదిట్టం కూడా వచ్చుననేగా అనుకుని అదే పంపాను. తీరా చేతికిచ్చాక వాటికి దాన్నేం చేయాలో తెలియదు. తెరిచి చూపించలేక, దాచుకోండని మీ చేతికిచ్చేస్తున్నాయి.

మన చిన్న బాబాయి గుర్తున్నాడా? "ఏం తాగుతావు బాబాయ్?" అంటే "ఏదైనా పర్లేదమ్మా" అంటాడు. కాఫీ ఇస్తే రెండు చుక్కలు నాలిక్కి తగిలించుకుని, గ్లాసు కిటికీలో పెట్టి వెళ్ళిపోతాడు. ఆయన తాగేది పాలు ఒక్కటే అని మనకి తెలియడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. నీ బ్రౌజర్లు మూడూ బాబాయిలే.

పేజీ తెర మీదకే రాలేదు కాబట్టి అడుగున బొమ్మ కదల్లేదు, అంకె పెరగలేదు. కానీ తలుపు తట్టినవాళ్ళందరినీ డైరీ రాసుకుంది. మీ రూము నుంచి ఇప్పటికి ఎన్నిసార్లు తట్టారో తెలుసా? పదమూడు వందల ఎనభై ఆరు! ఆ పదకొండూ డాక్టరు గారివి. ఆయన కొత్త బ్రౌజరు బుద్ధిగా కట్టుదిట్టం అందుకుని చూపిస్తూ ఉండింది, నువ్వు గొడుగుల గమనిక పెట్టి లావు అక్షరం మూయడం మరిచిపోయేదాకా. ఆ రోజు నుంచి ఆయనకీ ఎర్ర అక్షరాలే. అది నా అలంకారం కాదు వదినా, నీ తప్పు. టైలరు గారు పట్టుకున్నారు, మేమెవరం పట్టుకోలేదు. నాకు నా మీద ఎంత కోపంగా ఉందో. పన్నెండు శాఖల్లో కొత్త మెషీన్లు చూసి అంతా బాగుందనుకున్నాను. మీ దాంట్లో ఎలా ఉందో ఒక్కసారి వచ్చి చూడలేదు. పైగా మీ వాళ్ళని వెక్కిరించాను.

ఏర్పాటు ఇప్పుడే మార్చేశాను. పేరు పెట్టి అడిగినవాళ్ళకే కట్టుదిట్టం. ఏదైనా పర్లేదన్నవాళ్ళకి సాదా. ఒకసారి నొక్కి చూడు, పేజీ వస్తుంది.

ఇప్పుడు అసలు మాట. మార్చేసి కుర్చీలో కూర్చోగానే నీ ఉత్తరాలు గుర్తొచ్చాయి. తీసి వరసగా చదివాను. కంప్యూటర్లు ఏవైనా పర్లేదు. బల్ల మోకాళ్ళకి తగిలినా పర్లేదు. రూము ఉన్నా లేకున్నా ఏదైనా పర్లేదు. ఆఖరుకి 'సరే' అన్న ఒక్క మాట, తీగమొక్కని డాక్టరు గారికిచ్చేస్తానని. బ్రౌజరు మాట నమ్మి ఒక తప్పు చేశాను. నీ మాట నమ్మి ఇంకో తప్పు చేస్తున్నానా?

సోమవారం పెద్ద మేడమ్‌ని కలుస్తున్నాను. అక్కడ ఏం అడగాలో నువ్వు చెప్పాలి. ఆ ఒక్క వాక్యం తప్ప ఏదైనా రాయి. నీకు ఏం కావాలో పేరు పెట్టి రాయి.

నీ ఆడపడుచు


రీడింగ్ రూము
తలుపు మూసి
ఆగస్టు 14

గడుగ్గాయీ,

మూడు కాగితాలు చింపాను. మూడింటిలోనూ నాలుగో లైనుకల్లా ఆ వాక్యం వచ్చేసింది.

మా ఇంట్లో ఆరుగురం పిల్లలం. అది కావాలి, ఇది కావాలి అన్నవాళ్ళకి తిట్లు దొరికేవి. ఏదైనా పర్లేదన్న నాకు మెప్పు దొరికేది. "బంగారంలాంటి పిల్ల, నోరు తెరిచి ఏదీ అడగదు" అనేవారు. ఆ మెప్పు రుచి మరిగాను. పెళ్ళయ్యాక మీ ఇంట్లో కూడా అదే మెప్పు. మీ అన్నయ్యకి ఇప్పటిదాకా నాకు టీ ఇష్టమో కాఫీ ఇష్టమో తెలియదు. ఆయన తప్పు లేదు. అడిగినప్పుడల్లా అదే జవాబు చెప్పి, ఏదిస్తే అది తాగాను. కాఫీ ఇష్టం. ఇది రాయడానికే ఇంత సిగ్గుగా ఉంటే మిగతాది ఎలా రాయను?

అయినా రాస్తున్నాను, నవ్వకు. నాకు ఈ రూము కావాలి.

పొద్దున్న తొమ్మిదిన్నరకి తాళం తీసినప్పుడు వచ్చే పాత కాగితం వాసన కావాలి. ఎన్నిసార్లు మేకు కొట్టినా కిర్రుమనే ఆ నాలుగో కుర్చీ కావాలి. టైలరు గారు పదింటికి రాకపోతే పదీ పదికి నాకు పట్టే కంగారు కావాలి. ఇంట్లో నేను వదినని, కోడల్ని, ఒకరి భార్యని. కాదనను, అవన్నీ ఇష్టమే. ఈ గదిలో మాత్రం 'లైబ్రేరియన్ గారూ' అంటారు. పదిహేడేళ్ళుగా ఆ పిలుపు విన్నప్పుడల్లా కొంచెం నిటారుగా కూర్చుంటాను. ఆ సర్క్యులరు వచ్చిన రోజు బీరువా వెనక్కి వెళ్ళి ఏడ్చాను. వచ్చి నీకు 'ఏదైనా పర్లేదు' అని రాశాను.

పేజీ తెరుచుకోవడం లేదని నీకెందుకు చెప్పలేదంటే, ఆర్నెల్లు కష్టపడి చేశావు, వంక పెట్టినట్టుంటుందని. మాకే చేతకావడం లేదేమో అనుకున్నాను. దాచమంటోంది కాబట్టి దాచుకున్నాం, బాణాలున్నాయి కాబట్టి బాణాలు చదివాం. నీ చక్కదనమే అదనుకున్నాం.

నీ పక్క బల్ల నాకు వద్దు. నువ్వంటే ఇష్టం. నీ పక్క బల్ల వద్దు. ఇది చదివి నువ్వు చిన్నబుచ్చుకుంటావని తెలుసు, అయినా కొట్టేయడం లేదు.

కొత్త కంప్యూటర్లు కూడా కావాలి. రెండు చాలు. ఒక పాతది ఉంచుకుంటాను, టైలరు గారు ఇప్పుడు వచ్చే మామూలు పేజీ చూసి, "ఇందులో కుట్టు కనిపించడం లేదండీ" అని బెంగపడుతున్నారు.

గొడుగుల దగ్గర మూత పెట్టాను. ఆయన పక్కన నిలబడి చూశారు.

వదిన


పెద్దాఫీసు, నాలుగో అంతస్తు
సెప్టెంబరు 2

వదినకి,

ముందు ఒక మాట. చిన్నబుచ్చుకున్నాను. ఒక రోజంతా. తర్వాత నీ ఉత్తరం మళ్ళీ చదివితే, ఇన్నేళ్ళలో నువ్వు నాతో మాట్లాడిన మొదటి ఉత్తరం అదేననిపించింది. దాన్ని ఏ పుస్తకంలోనూ పెట్టలేదు, నా దగ్గరే ఉంది.

ఇక పెద్ద మేడమ్ సంగతి. ఆ పదహారో తారీఖు సోమవారం సర్వరు డైరీ పట్టుకుని వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు కూడా సవరించుకోలేదు.

"తెర మీద కనిపించినవే లెక్క అని రూలు రాశాం కదమ్మా."

"కనిపించకపోవడం నా తప్పండి."

"నీ తప్పుకి నేను రూలెందుకు మార్చాలి? అయినా తలుపు తట్టినవాళ్ళంతా చదివేవాళ్ళేనని నీకేం తెలుసు? ఎవరో ఊరికే నొక్కి ఉండొచ్చు."

చేతిలో ఉన్న టైలరు గారి కట్ట ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ మొదటి పేజీ తిప్పారు. రెండోది, మూడోది. ఎర్ర పెన్సిలు చుట్లు, పక్కన నాలుగు రకాల చేతిరాతలు: 'ఇది నాకు', 'తర్వాత నాకు', 'ఇది పోయినేడాది చదివేశాం', 'దీని రెండో భాగం ఏ శాఖలో ఉందో చూడండి'. పదిహేనో పేజీ దగ్గర ఆవిడ పెదవి ఒక మూల కదిలింది.

"ఇంత కష్టపడి చదివారా?"

"రెండు నెలలండీ. రోజూ."

"నా బల్ల మీద పెట్టే రిపోర్టులు నేను కూడా ఇంత శ్రద్ధగా చదవను" అన్నారు. తర్వాత, "మరి మీ వదిన గారిని ఇక్కడికి రమ్మని నువ్వే అడిగావు, ఇప్పుడు నువ్వే వద్దంటున్నావు. ఆవిడేమంటున్నారు?"

'నాకు ఈ రూము కావాలి' అన్న నీ వాక్యం నీ మాటల్లోనే చెప్పాను. "పదిహేడేళ్ళలో ఆవిడ మా దగ్గర ఏదైనా కావాలని అడగడం ఇదే మొదలు" అన్నారు. "ఆగస్టు ఆఖరుదాకా ఆగుదాం. ఇప్పుడు పేజీ కనిపిస్తోందిగా, చూద్దాం."

చూశాం. ఆగస్టు 14 నుంచి 31 దాకా మీ రూములో తెర మీద కనిపించినవి ఆరు వందల నలభై. వెయ్యికి చాలవు. ఆ కాగితమే తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ ఆరు వందల నలభై కింద తన చేత్తో పదమూడు వందల ఎనభై ఆరు వేసి కూడి, పక్కన సంతకం పెట్టారు.

నీ రూము నీదే వదినా! రెండు కంప్యూటర్లు కూడా వస్తున్నాయి. కొత్తవి.

నాకు మాత్రం శిక్ష పడింది. ఇకమీదట ఏ పేజీలో ఏ మార్పు చేసినా, ముందు పదమూడు శాఖలకీ వెళ్ళి, వాళ్ళ కుర్చీలో కూర్చుని, వాళ్ళ కంప్యూటర్లో చూడాలి. ఒక్కోచోట వారం. మా నెట్‌వర్కు ఆయన, "అందరికీ సాదాగా పంపమని నేను మొదట్లోనే చెప్పానా, లేదా?" అని రోజుకి మూడుసార్లు అంటున్నాడు. శిక్షకి అది అదనం.

మొదటి వారం మీ శాఖే. పదహారో తారీఖు గురువారం పుస్తకాల బండిలోనే వస్తున్నాను. డ్రైవరు నన్ను దంతవైద్యంలో పెట్టకుండా చూసుకుంటాను. నా కోసం ప్రత్యేకంగా ఏమీ వండి హైరానా పడకు. నాకు ఏదైనా పర్లేదు.

నీ ఆడపడుచు


రీడింగ్ రూము
కిటికీ వైపు బల్ల
సెప్టెంబరు 9

గడుగ్గాయికి,

నీ ఉత్తరం రూములో అందరికీ చదివి వినిపించాను, చిన్నబుచ్చుకున్న ముక్క మినహాయించి. టైలరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. డాక్టరు గారు తీగమొక్క వెనక్కి తెచ్చి కిటికీలో పెట్టారు. ఈ రూములో గట్టిగా మాట్లాడకూడదని పదిహేడేళ్ళుగా చెప్తున్నదాన్ని నేనే, ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది కూడా నేనే. నువ్వు పెద్ద మేడమ్ ముందు నిలబడి నా మాట నా మాటగా చెప్పావు చూడు, అది మరిచిపోను.

మీ అన్నయ్యకి కాఫీ సంగతి చెప్పాను. పద్దెనిమిదేళ్ళుగా పొద్దున్నే లేచి నీకు టీ పెట్టి ఇస్తున్నానే అని తలపట్టుకున్నారు. ఇప్పుడు రోజూ కాఫీ పెడుతున్నారు. బాగుండటం లేదు. ఆ మాట కూడా చెప్పేశాను.

ఇక నీ భోజనం. ఏదైనా పర్లేదన్నవాళ్ళకి సాదా ఇవ్వాలని రూలు పెట్టింది నువ్వే. కాబట్టి వారం రోజులూ నీకు మూడు పూటలా బ్రెడ్డు, గోరువెచ్చని పాలు. వేరే ఏదైనా కావాలంటే పదహారో తారీఖులోగా పేరు పెట్టి రాయి.

లైబ్రేరియన్